గేటు దగ్గర ఆగిన బండి, వంతెన కింద సాగిన పడవ

చుండూరు స్టేషను బోర్డు మీద ఊరి పేరు ఇంగ్లీషులో ‘టి’, ‘ఎస్’ అక్షరాలతో మొదలవుతుంది. మన రాతలో జారవిడుచుకున్న దంత్య ‘ౘ’కారాన్ని రైలువాళ్ళు అలా భద్రపరిచారన్నమాట. (ఈ అక్షరం 2008లో యూనికోడులో చేరింది. మీ తెరమీద డబ్బా కనబడితే తప్పు ఖతిది, నాది కాదు.) తెనాలి, నిడుబ్రోలు మధ్య ఈ పట్టాల పక్కన పెరిగినవారికి ‘గేటు పడింది’ అన్న మాట వేరే వివరించనక్కరలేదు. పంటబండి గాని, పురిటినొప్పుల మనిషి గాని, రైలు వెళ్ళేదాకా ఆగవలసిందే.

అయితే ఈ డెల్టాలో రెండు దారులు కలిసినచోట ఒకరు ఆగాలన్న నియమం మొదటినుంచీ లేదు.

కృష్ణ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. దానినుంచి బయలుదేరిన కాలువలు పొలాలకు నీళ్ళే కాక, ఊళ్ళకు బాటలు కూడా. దుగ్గిరాల మీదుగా పెదగంజాం వైపు సాగిన కొమ్మమూరు కాలువ అక్కడ బకింగ్‌హామ్ కాలువతో కలిసి మద్రాసుదాకా జలమార్గమయింది. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకుంటే తాడు భుజాన వేసుకొని గట్టు వెంట నడిచే మనుషులు. లాకుల దగ్గర నీటిమట్టం సరిపడేదాకా ఆగడమే తప్ప పడవకు మరో అడ్డు ఉండకూడదు. అందువల్ల పడవలు తిరిగే కాలువమీద వంతెన కట్టేవాడు కింద పడవ పట్టేంత ఖాళీ విడవాలి. బండి కాస్త ఎక్కి దిగుతుంది, పడవ కిందుగా సాగుతుంది, ఇద్దరిలో ఎవరూ ఆగరు.

రైళ్ళకన్న జలమార్గాలే మేలని పట్టుబట్టి వాదించిన ఆర్థర్ కాటన్ 1899లో కన్నుమూశాడు. విజయవాడ, మద్రాసుల మధ్య రైలుమార్గం కలిసినదీ ఆ ఏడాదే. విధి చమత్కారం అనబోయి మానుకున్నాను. రెండూ ఒక సంవత్సరంలో పడ్డాయి, అంతే.

పట్టాలు వచ్చినప్పుడు రోడ్లన్నిటికీ వంతెనలు కట్టలేదు. ఇందులో పిసినారితనంతోపాటు నేల స్వభావం కూడా ఉంది. కొండప్రాంతంలో పట్టాలు లోయవంటి కోతలో సాగితే, రెండు గట్లను కలిపితే చాలు, వంతెన సిద్ధం. మన నేల అరచేయిలాంటిది. ఎత్తంతా మట్టి తెచ్చి పోసుకోవలసిందే. 1980 నాటికి ఈ మార్గానికి విద్యుత్తు వచ్చాక ఆ ఎత్తు మరీ పెరిగింది. కరెంటు తీగే పట్టాలపైన సుమారు అయిదున్నర మీటర్లు. దానిపై ఖాళీ, వంతెన మందం కలుపుకొని రోడ్డు ఎనిమిది మీటర్లు లేవాలనుకోండి. ముప్పై మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కితే ఒక్కో వైపు 240 మీటర్ల వాలు కావాలి. రెండు వైపులా కలిపి అరకిలోమీటరు మాగాణి దానికింద పోతుంది.

పోనీ కిందనుంచి తవ్వుదామా అంటే, నాలుగడుగులకే నీరు ఊరే నేల. అండర్ బ్రిడ్జి వానాకాలంలో చెరువవుతుంది.

ఓవర్ బ్రిడ్జి పడ్డాక లారీకి సుఖమే. నెత్తిన గడ్డిమోపుతో నడిచే మనిషికి మాత్రం ఎదురుగా కనబడే అవతలిగట్టుకు అరకిలోమీటరు చుట్టు. ఆమె పట్టాలు దాటుతుంది. నియమం తెలియక కాదు, కాళ్ళు నొప్పి పుట్టి. నడిచేవారికి వేరే మెట్లదారి గీయని పథకం సగం పథకమేనని నా అభిప్రాయం.

అలాగని గేట్లను వెనకేసుకురావడం లేదు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని గేటు దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పిల్లలు పోయారు. బ్రాడ్‌గేజి మార్గాలలో అటువంటి గేట్లన్నీ తొలగినట్లు రైల్వేశాఖ ప్రకటించేసరికి 2019 జనవరి అయింది.

ఇంతలో కాలువ సంగతి మరిచాం. రైలూ లారీ కలిసి పడవను మాన్పించాక, కొత్త వంతెనలు కట్టినవారికి కింద ఖాళీ విడవాలన్న ఆలోచనే లేకపోయింది. నీటికి ఆనీ ఆననట్లు పలకలు పరిచారు. తీరా 2008లో కాకినాడ–పుదుచ్చేరి జలమార్గాన్ని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అందులో కొమ్మమూరు కాలువ వాటా 113 కిలోమీటర్లు. మార్గం సిద్ధం చేయడానికి లెక్కకట్టిన అడ్డంకులలో ఈ పొట్టి వంతెనలు కూడా ఉన్నాయి. వాటిని మళ్ళీ ఎత్తితే, ఆ వాలుకింద పోయే మాగాణి ఎవరిదో మరి.