అమెరికా ప్రయాణం: చక్రాల కుర్చీకి అనువైన చౌక బస

హోసూరు, బళ్లారి, బరంపురం, నాందేడ్, యానాం ప్రాంతాల తెలుగు కుటుంబాలలో బిడ్డలు అమెరికాలో స్థిరపడటం నేడు అరుదైన విషయం కాదు. కుమార్తె పురిటికో, మనుమని బారసాలకో తల్లిదండ్రులు ప్రయాణమవుతుంటారు. వారిలో ఒకరు చక్రాల కుర్చీపై ఆధారపడినవారైతే, అక్కడ స్నానానికి, మరుగుదొడ్డికి ఎలాగన్న ప్రశ్న వద్దనే ప్రయాణం ఆగిపోతూ ఉంటుంది. అక్కడి చట్టం ఇచ్చిన హక్కులు, ముందుగా అడిగి తెలుసుకోవలసిన కొలతలు ఎరిగియుంటే ఈ చిక్కు చాలవరకు తీరుతుంది.

ముందు బిడ్డల ఇల్లు

అమెరికాలోని మేడ ఇళ్లలో పడకగదులు, స్నానాల గదులు తరచుగా పై అంతస్తులోనే ఉంటాయి. కింద మరుగుదొడ్డి ఉన్నదా, దాని గుమ్మం ఎన్ని అంగుళాల వెడల్పు అన్నది బిడ్డలచేత కొలిపించాలి. కుర్చీ వెడల్పును సీటు వద్ద కాక, చేతితో తిప్పే బయటి పట్టీల మధ్య కొలవాలి. గుమ్మం ఇరుకైనచో పగలు బిడ్డల ఇంట, రాత్రి సమీపంలోని హోటల్లో గడపడం మేలు.

చట్టం ఏమి చెబుతున్నది?

‘అమెరికన్స్ విత్ డిజబిలిటీస్ యాక్ట్’ అనే వికలాంగుల చట్టం 1990 జులై 26న ఆమోదముద్ర పొందింది. దాని 2010 నాటి ప్రమాణాల ప్రకారం 25 గదుల లోపు హోటల్లో కనీసం 1, 26 నుంచి 50 గదులున్నచోట 2, 51 నుంచి 75 గదులున్నచోట 4 గదులు ఇటువంటివారికి అనువుగా ఉండాలి. గుమ్మం తెరిచినపుడు 32 అంగుళాల దారి ఉండాలి. మరుగుదొడ్డి పీట ఎత్తు 17 నుంచి 19 అంగుళాల మధ్య ఉండాలి. ఈ సదుపాయానికి అదనపు రుసుము వసూలు చేయరాదు. అయితే యజమాని తానే నివసిస్తూ 5 గదులకు మించకుండా అద్దెకిచ్చే ఇళ్లకు ఈ చట్టం వర్తించదు.

2012 మార్చి 15 నుంచి మరొక నియమం అమలులో ఉన్నది. గదిలోని సదుపాయాలను హోటల్‌వారు వివరంగా తెలుపాలి. కేటాయించిన ఆ గదినే తప్పక అట్టిపెట్టాలి.

అడగవలసిన ప్రశ్నలు

‘యాక్సెసిబుల్ రూమ్’ అన్న మాటతో తృప్తిపడరాదు. అటువంటి గదిలోనూ పట్టుకమ్ములు బిగించిన స్నానపు తొట్టి మాత్రమే ఉండవచ్చును. కాళ్లెత్తి తొట్టిలోనికి దిగలేనివారికి అది నిరుపయోగం. కుర్చీతో నేరుగా లోనికి పోవలెనంటే ‘రోల్-ఇన్ షవర్’ అని స్పష్టంగా అడగాలి. 50 గదులు మించిన హోటళ్లలోనే దీనిని తప్పనిసరి చేశారు కనుక మరీ చిన్న హోటల్‌ను ఎంచుకొనేటపుడు జాగ్రత్త అవసరం.

మంచం ఎత్తును ఆ ప్రమాణాలు నిర్ణయించలేదు. అక్కడి పరుపులు మన మంచాలకంటె ఎత్తుగా ఉండటం కద్దు. నేల నుంచి పరుపు పైభాగం వరకు ఎన్ని అంగుళాలో అడగాలి. మధ్యవర్తి సంస్థల ద్వారా గది తీసుకున్నప్పటికీ, హోటల్‌కు ఫోన్ చేసి ఈ వివరాలను ఈమెయిల్‌లో రాయించుకొనుట శ్రేయస్కరం.

ఖర్చు తగ్గే మార్గాలు

రహదారుల పక్కనుండే మోటళ్లలో గది ముందువరకు కారు వెళుతుంది; నేల అంతస్తు గదులుంటాయి. వంటగది కలిగి, వారాల లెక్కన అద్దెకిచ్చే హోటళ్లలో దినవెచ్చం తగ్గుతుంది. చెప్పిన ధరకు పన్ను అదనమా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఊరికి దూరమైన చౌక గది, కారు బాడుగతో ప్రియమవుతుంది. బస్సు మార్గానికి చేరువగా దిగినవారికి మరొక మేలున్నది. సాధారణ బస్సు ఎక్కలేని వికలాంగులకు నగర రవాణా సంస్థలు నడిపే ‘పారాట్రాన్సిట్’ వాహనాలను పైఊరి నుంచి వచ్చినవారు కూడా ఏడాదిలో 21 రోజులు వాడుకోవచ్చును. దాని చార్జీ సాధారణ బస్సు చార్జీకి రెట్టింపు మించరాదు. అతిథుల కోసం వాహనం నడిపే హోటల్ చక్రాల కుర్చీవారికి కూడా సమానమైన ఏర్పాటు చేయాలి.

బ్యాటరీ కుర్చీవారు చార్జర్ 120 వోల్టులకు పనిచేస్తుందో లేదో చూసుకోవాలి. మన విద్యుత్తు 230 వోల్టులు.

హక్కుకు భంగం కలిగితే

చెప్పిన గది ఇవ్వనిచో రాయించుకున్న ఈమెయిల్ చూపి అడగవచ్చును. అమెరికాలో ఉన్నపుడు న్యాయశాఖవారి ఉచిత ఫోన్ 800-514-0301కు చేసి సలహా పొందవచ్చును.

కొలతల టేపుతో, నాలుగు ప్రశ్నలతో ముందుగానే సిద్ధపడిన కుటుంబంలో అవ్వగాని తాతగాని ఇంటివద్ద ఒంటరిగా మిగిలిపోవలసిన అవసరం అంతగా ఉండదు.