హితకారిణికి వంటింట్లో పడిన పునాది

రాజమహేంద్రవరంలో హితకారిణీ సమాజం పేరెత్తితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కందుకూరి వీరేశలింగం పంతులు గారే. 1906లో ఆయన ఈ సంస్థను స్థాపించి, తన ఆస్తినంతా దాని పేర రాసేశారు. సంస్థ చరిత్ర రాసేవాళ్లు అక్కణ్నుంచే మొదలుపెడతారు. ఈ వ్యాసం మాత్రం అంతకు పాతికేళ్ల ముందుకి, 1881 డిసెంబరులో పంతులు గారి వంటింటికి వెళ్తుంది. దిక్కులేని ఆడపిల్లకి ఒక ఇల్లు చూపించడమే ఈ సమాజం పని అనుకుంటే, దస్తావేజులు పుట్టకముందే ఆ పని ఆ వంటింట్లో మొదలైపోయింది. మొదలుపెట్టినావిడ ఆయన సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మ గారు.

కాతేరు ఆడపడుచు

రాజమండ్రికి ఆనుకునే ఉన్న కాతేరులో 1851లో పుట్టారావిడ. పుట్టింటివారు పెట్టిన పేరు బాపమ్మ. 1861లో పెళ్లయ్యేనాటికి పెళ్లికొడుక్కి పదమూడేళ్లు, పెళ్లికూతురికి పదేళ్లు కూడా నిండలేదు. రాజ్యలక్ష్మి అన్నది అత్తవారింట వచ్చిన పేరు.

కాపురానికి వచ్చిన ఇంట్లో అత్తగారు పున్నమ్మ గారు. కొడుకు నాలుగేళ్లవాడై ఉండగానే భర్తను పోగొట్టుకున్న మనిషి. వైధవ్యం అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఈ కోడలు వీధి గుమ్మం దాటక్కర్లేకపోయింది. ఆ కష్టం రోజూ కళ్లెదుట తిరుగుతూనే ఉంది. తర్వాతి రోజుల్లో తలచెడి వచ్చిన ఎవరి పిల్లనో చూసి ఆవిడ వెనకడుగు వేయకపోవడానికి, ఉపన్యాసాల కన్నా ఈ ఇల్లే ఎక్కువ నేర్పి ఉంటుందని నాకనిపిస్తుంది.

పంతులు గారి ఉద్యోగాల వెంట కాపురం కోరంగికీ ధవళేశ్వరానికీ మారింది. ధవళేశ్వరంలో 1874లో ఆయన ఆడపిల్లలకు బడి పెట్టారు. 'వివేకవర్ధని' పత్రిక మొదలైందీ ఆ ఏడాదే. ఊళ్లోవాళ్ల ఆడపిల్లల్ని బడికి పంపమని అడిగే మాస్టారి ఇంట్లో ఇల్లాలికి అక్షరం రాకపోతే ఎలా? పెళ్లయ్యాకే ఆవిడ చదువు నేర్చుకున్నారు. ఆ పైన పది మందికి నేర్పారు.

పెళ్లి వంట ఎవరు చేయాలి?

వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. ఆ చట్టంలోనే ఇంకో మాట ఉంది. మళ్లీ పెళ్లాడితే మొదటి భర్త ఆస్తి మీద ఆమెకి హక్కు పోతుంది. అంటే ఆ గడప దిగిన పిల్ల చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ఇటు పుట్టింటివాళ్లూ తలుపు వేసేస్తారు. అందుకే చట్టం వచ్చి పాతికేళ్లయినా గోదావరి గట్టున అలాంటి పెళ్లి ఒక్కటీ జరగలేదు.

1881 డిసెంబరు 11న జరిగింది. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. పందిరి పంతులు గారి ఇంట్లోనే. డబ్బుకి కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు అండగా నిలిచారు. గొడవలు కాకుండా కాపలాకి విద్యార్థులు నిలిచారు. ఇవన్నీ చరిత్ర పుస్తకాల్లో వివరంగానే ఉంటాయి. ఒక్క వాక్యంలో తేల్చేసేది వంట సంగతి.

వెలి అంటే ఏమిటో ఈ తరానికి విడమరిచి చెప్పాలి. బ్రాహ్మణ కుటుంబాన్ని కులం నుంచి వెలి వేయడానికి కర్రలూ కత్తులూ అక్కర్లేదు. పురోహితుడు గుమ్మం తొక్కడు. వంటమనిషి పొయ్యి ముట్టించడు. నీళ్లు మోసేవాళ్లు బిందె దించరు. పంక్తిలో పక్కన ఎవరూ కూర్చోరు. ఈ నాలుగింటిలో మూడు వంటింటికి చెందినవే. మగవాడు సభలో ఎంత గట్టిగా వాదించినా, సాయంత్రానికి ఇంట్లో నీళ్లు లేకపోతే ఇల్లాలు కళ్లనీళ్లు పెట్టుకుంటుందనీ, ఆ కన్నీళ్లే అతన్ని దారికి తెస్తాయనీ ఊరి పెద్దల లెక్క.

ఆ లెక్క తప్పింది. వంటవాళ్లు రాకపోతే రాజ్యలక్ష్మమ్మ గారే పొయ్యి దగ్గర కూర్చున్నారు. నీళ్లు పోసేవాళ్లు మానేస్తే తానే గోదావరికి వెళ్లి బిందె ఎత్తుకొచ్చారు. వచ్చినవాళ్లకి వండి వడ్డించారు. నాలుగు రోజులకే రెండో పెళ్లి. మళ్లీ అదే పొయ్యి, అదే రేవు.

పీఠం నుంచి బహిష్కార శ్రీముఖం వచ్చింది. ఆ పంక్తిలో భోంచేసినవాళ్లలోనే కొందరు భయపడి ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. మొగుణ్ణి వదిలి వచ్చేయమని తనవాళ్లే ఆవిడ మీద ఒత్తిడి తెచ్చారు. ఆవిడ వెళ్లలేదు. ఆ రోజు కాతేరు బండెక్కి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి. భార్యే నిలవని ఇంటికి పరాయి ఆడపిల్లని తెచ్చి అప్పగించడానికి ఏ తల్లికి ధైర్యం వచ్చేది? పంతులు గారి మాటకి పూచీ ఆవిడ ఆ ఇంట్లో ఉండటమే.

పుట్టిల్లు

పంతులు గారు చేయించిన పెళ్లిళ్లు సుమారు నలభై. ఆయన పేరు పక్కన ఈ అంకె వేయడం మనకి అలవాటు. ఒక్కో పెళ్లి వెనక ఎన్ని రోజుల అన్నం ఉందో ఎవరూ లెక్క కట్టలేదు. పెళ్లి కుదిరే దాకా పిల్ల ఆ ఇంట్లోనే. పెళ్లయ్యాక అద్దెకి ఇల్లు ఇచ్చేవాడు దొరికే దాకా జంట కూడా అక్కడే.

మన వైపు తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. పుట్టిల్లే లేకుండా పోయిన ఈ ఆడపిల్లలు ఎక్కడికి వెళ్తారు? రాజ్యలక్ష్మమ్మ గారి దగ్గరికే వచ్చారు. ఆవిడ పురుళ్లు పోశారు, బాలింతలకి పథ్యం పెట్టారు, పసివాళ్లకి లాలపోశారు. తన కడుపున ఒక్క కాయా కాయలేదు. అయినా ఆ ఇంట్లో ఉయ్యాల ఊగని ఏడాది తక్కువ.

ఇదంతా హాయిగా సాగిందని రాస్తే ఆవిడ పడ్డ పాట్లను చిన్నబుచ్చినట్టే. సాయం అందుకున్నవాళ్లంతా కృతజ్ఞత చూపలేదనీ, డబ్బు కోసం వేధించినవాళ్లూ ఉన్నారనీ పంతులు గారే తన స్వీయచరిత్రలో చెప్పుకున్నారు. అలాంటివాళ్లకీ ఆ ఇంట్లో విస్తరి పడింది. సేవ అనే మాట మనం సన్మానపత్రాల్లో రాసినంత తియ్యగా ఉండదని ఆవిడకి బాగా తెలిసి ఉంటుంది.

ఇంటి నుంచి సంస్థకి

ఇంట్లో చోటు చాలనప్పుడే శరణాలయం అన్న ఆలోచన వస్తుంది. దంపతులు మద్రాసులో ఉన్న రోజుల్లో అక్కడ వితంతు శరణాలయం నడిపారు. తిరిగి వచ్చాక రాజమండ్రిలో తోటలో నెలకొల్పారు. అదే ఆనందోద్యానం. హితకారిణీ సమాజం ఆ తర్వాత వచ్చింది. భార్యాభర్తల తదనంతరం ఈ పని ఆగిపోకూడదని చేసిన ఏర్పాటది. అందులో ఉన్నవన్నీ అంతకుముందు ఒక సంసారంలో ఉన్నవే: నీడ, తిండి, చదువు, కాస్త ధైర్యం.

పిల్లలు లేని దంపతులు ఆస్తి ధర్మానికి రాయడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు. అయితే బతికుండగానే అలా రాసేస్తుంటే ఇల్లాలు అడ్డుపడకపోవడం ఎంత పెద్ద విషయమో సంసారులకి చెప్పనక్కర్లేదు. రేపు తాను ఒంటరిదైతే తన గతేమిటన్న ప్రశ్న అందరికన్నా ముందు ఆవిడకే రావాలి. వితంతువుల బతుకుల్ని అంత దగ్గరగా చూసినావిడ మరి.

ఆ రోజు రాలేదు. 1910 ఆగస్టు 11న ఆవిడే ముందు వెళ్లిపోయారు. పంతులు గారు మరో తొమ్మిదేళ్లు బతికి, 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. ఇద్దరి సమాధులూ ఇప్పుడు ఆనందోద్యానంలో ఉన్నాయి.

ఆవిడ ఏమనుకున్నారో ఆవిడ మాటల్లో మనకి దొరకదు. తెలిసిందంతా దాదాపు భర్త కలం నుంచి వచ్చిందే. అందుకే మన ప్రత్యేక సంచికల్లో ఆవిడకి ఒక పేరాగ్రాఫు, పంతులు గారికి పుస్తకమంతా దక్కుతూ వచ్చాయి. ఊళ్లో ఆవిడ పేరున మహిళా కళాశాల ఉంది. వేల మంది ఆడపిల్లలు చదువుకుని వెళ్లారు. ఆటోవాడి నుంచి అధ్యాపకుల దాకా దాన్ని అందరూ 'ఎస్కేఆర్' అంటారు. ఆ చివరి 'ఆర్'లో ఎవరున్నారని అడిగితే చప్పున చెప్పేవాళ్లు ఎందరుంటారు?

ఈ సంచికలోనైనా ఆ పేరు పొడి అక్షరాల్లో వద్దని సంపాదకులకి నా మనవి. అట్ట మీద పూర్తిగా వేయండి: శ్రీ కందుకూరి రాజ్యలక్ష్మి మహిళా కళాశాల.