హోండా యాక్టివా

హోండా యాక్టివా భారతదేశంలో తయారవుతున్న గేర్లు లేని స్కూటరు. హోండా మోటార్‌సైకిల్ అండ్ స్కూటర్ ఇండియా సంస్థ దీన్ని 2001లో మార్కెట్లోకి తెచ్చింది. 2016లో ఇది మోటారుసైకిళ్లను సైతం దాటి దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే ద్విచక్ర వాహనంగా నిలిచింది. 2023 నాటికి మొత్తం అమ్మకాలు 3 కోట్లు దాటాయి. తెలుగునాట గేర్లు లేని బండి ఏదైనా వాడుకలో ‘స్కూటీ’యే. అది నిజానికి టీవీఎస్ కంపెనీ బండి పేరు అయినా యాక్టివాను కూడా చాలామంది అలాగే పిలుస్తారు.

నేపథ్యం

భారతదేశంలో స్కూటరంటే చాలాకాలం బజాజ్ చేతక్ లాంటి బండే. ఎడమచేతి పిడిని తిప్పి గేర్లు మార్చాలి, కాలితో కిక్కు కొట్టాలి. 1980లలో కైనెటిక్, హోండా సంస్థలు కలిసి తెచ్చిన కైనెటిక్ హోండా ఈ రెండు శ్రమలనూ తప్పించింది. సెల్ఫ్ స్టార్టుతో, ఆటోమేటిక్ గేరుతో వచ్చిన ఆ బండిది 98 సి.సి. టూ స్ట్రోక్ ఇంజను. 1998లో హోండా ఆ భాగస్వామ్యం నుంచి బయటికి వచ్చి, మరుసటి ఏడాది సొంత సంస్థను స్థాపించింది. హర్యానాలోని మానేసర్ కర్మాగారం నుంచి యాక్టివా వెలువడింది.

అప్పటికి కొనుగోలుదారులు స్కూటర్లను వదిలి మోటారుసైకిళ్ల వైపు మళ్లుతున్నారు. యాక్టివా కైనెటిక్ హోండాలోని సౌకర్యాన్ని నిలుపుకొని, టూ స్ట్రోక్ బదులు ఫోర్ స్ట్రోక్ ఇంజను పెట్టుకుంది. దాంతో పొగ, పెట్రోలు ఖర్చు రెండూ తగ్గాయి. పెట్రోలుతో పాటు కాల్చడానికి ఆయిలు పోస్తూ ఉండాల్సిన పని లేకుండా పోయింది. గేర్లు మార్చే, క్లచ్చు నొక్కే పని లేకపోవడంతో ఇంట్లో అందరూ నడపగలిగే బండి అయింది.

తరాలు

తొలి యాక్టివా ఇంజను 102 సి.సి. 2009లో 110 సి.సి. ఇంజను, కాంబి బ్రేకు వచ్చాయి. ఎడమ బ్రేకు నొక్కితే ముందు, వెనక చక్రాలు రెండింటి మీదా పట్టు పడేలా చేసే ఏర్పాటు ఇది. 2013లో ఇంజను లోపలి రాపిడిని తగ్గించి మైలేజీ పెంచారు. 2014లో యాక్టివా 125, 2015లో 3జీ, 2017లో 4జీ, 2018లో ఎల్‌ఈడీ హెడ్‌లైటుతో 5జీ వచ్చాయి.

అతి పెద్ద మార్పు 2020 జనవరిలో వచ్చిన 6జీలో జరిగింది. బి.ఎస్.-6 కాలుష్య నిబంధనల కోసం కార్బురేటరును తీసేసి, ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. సిలిండరు వ్యాసాన్ని 50 మిల్లీమీటర్ల నుంచి 47కు తగ్గించి, స్ట్రోకును 55.6 నుంచి 63.1కు పెంచారు. ముందు చక్రం 10 అంగుళాల నుంచి 12 అంగుళాలకు పెరిగింది, దానికి టెలిస్కోపిక్ ఫోర్కు వచ్చింది. పెట్రోలు పోయించుకోవడానికి సీటు ఎత్తే అవసరం తప్పింది. ఇంత మారినా బండి ఆకారం మాత్రం పాత యాక్టివానే గుర్తుకు తెస్తుంది.

పనితీరు

ఇంజను, దాని శక్తిని చక్రానికి అందించే వ్యవస్థ, వెనక చక్రం ఒకే కూర్పుగా ఉండి, గుంతల్లో కలిసే పైకీ కిందికీ కదులుతాయి. గేరుపెట్టె స్థానంలో రెండు పుల్లీలు, వాటిని కలిపే రబ్బరు బెల్టు ఉంటాయి. యాక్సిలరేటరు తిప్పి ఇంజను వేగం పెంచితే ముందు పుల్లీలోని రోలర్లు బయటికి జరిగి దాని రెండు భాగాలనూ దగ్గరగా నొక్కుతాయి. బెల్టు ఆ పుల్లీ అంచుకు ఎక్కుతుంది. అలా నిష్పత్తి కుదుపు లేకుండా మారుతుంది. ఇంజను వేగం పెరిగితే సెంట్రిఫ్యూగల్ క్లచ్చు దానంతటదే పట్టుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. 6జీలో ఆల్టర్నేటరే స్టార్టరు మోటారుగానూ పనిచేస్తుంది కాబట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు పాత బండిలో వినిపించే గరగర ఉండదు.

యాక్టివా 6జీ (2020) సాంకేతిక వివరాలు

ఇంజను: 109.51 సి.సి., ఒకే సిలిండరు, ఫోర్ స్ట్రోక్, గాలితో చల్లబడేది
గరిష్ఠ శక్తి: 8,000 ఆర్.పి.ఎం. వద్ద 5.73 కిలోవాట్లు
గరిష్ఠ టార్కు: సుమారు 8.8 న్యూటన్ మీటర్లు
బ్రేకులు: రెండు చక్రాలకూ 130 మి.మీ. డ్రమ్ములు
టైర్లు: ముందు 90/90-12, వెనక 90/100-10
పొడవు: 1,833 మి.మీ.
చక్రాల మధ్య దూరం: 1,260 మి.మీ.
బరువు: 107 కిలోలు
పెట్రోలు ట్యాంకు: 5.3 లీటర్లు

విద్యుత్ యాక్టివా

పెట్రోలు బండికి 2023లో స్మార్ట్ తాళంచెవి, 2025లో రంగుల తెర చేరాయి. ఈలోగా, 2024 నవంబరులో, హోండా ‘యాక్టివా ఈ’ పేరుతో విద్యుత్ స్కూటరును ఆవిష్కరించింది. దీనికి 1.5 కిలోవాట్ గంటల బ్యాటరీలు రెండు ఉంటాయి. ఒక చార్జితో 102 కిలోమీటర్లు నడుస్తుందని, గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకుంటుందని సంస్థ ప్రకటించింది. ఈ బ్యాటరీలను ఇంట్లో చార్జి చేసుకోవడం కుదరదు. మార్పిడి కేంద్రంలో ఖాళీ అయినవి ఇచ్చి నిండినవి తీసుకోవాలి. అందుకే అమ్మకాలు బెంగళూరు, ఢిల్లీ, ముంబయి లాంటి మహానగరాలతో మొదలయ్యాయి. బ్యాటరీలు సీటు కింద చోటును ఆక్రమించడంతో, ఇన్నేళ్లుగా హెల్మెట్టూ కూరగాయల సంచీ మోసిన డిక్కీ ఈ బండిలో లేదు.