సిమెంట్ మాలు కలపగానే బిగుసుకుపోతోందా..? ఇంకో చెంబు నీళ్లు పోసే ముందు ఇది తెలుసుకోండి

నీళ్లు పోసి ఐదు నిమిషాలు కాలేదు.. మాలు అప్పుడే బిగుసుకుంటోంది. సైట్‌లో ఇలా జరిగితే చాలామంది ఇంకో చెంబు నీళ్లు పోసేస్తారు. చాలాసార్లు పొరపాటు అక్కడే జరుగుతుంది. ఫ్యాక్టరీలో సిమెంట్‌కు తగిలిన వేడి కూడా ఇందుకు కారణం కావచ్చు.

సిమెంట్ గట్టిపడేది ఎండిపోయి కాదు, నీటితో రసాయన చర్య జరిగి. దీన్నే హైడ్రేషన్ అంటారు. సున్నపురాయి, బంకమట్టిని కిల్న్‌లో సుమారు 1,450 డిగ్రీల దగ్గర కాలిస్తే క్లింకర్ తయారవుతుంది. అందులోని ఎలైట్ అనే ఖనిజమే మొదటి నెలలో ఎక్కువ బలం ఇస్తుంది. బెలైట్‌ది నెమ్మది పని, నెలల తర్వాత గానీ దాని బలం తెలియదు. అల్యూమినేట్ మాత్రం ఆగదు. అడ్డు లేకపోతే నిమిషాల్లోనే బిగుసుకుపోతుంది.

ఆ అడ్డు కోసమే క్లింకర్‌ను పొడి చేసేటప్పుడు జిప్సం కలుపుతారు. గ్రైండింగ్ మిల్లులో వేడి బాగా పెరిగితే జిప్సం తనలోని నీటిని చాలావరకు కోల్పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌గా మారుతుంది. కొంత మారినా ఇబ్బంది లేదు. మోతాదు మించితే మాత్రం నీళ్లు తగలగానే అదే ముందు బిగుసుకుంటుంది. దీని పేరు ఫాల్స్ సెట్. వేడి అదుపులో ఉండాలనే చాలా మిల్లుల్లో లోపల నీళ్లు స్ప్రే చేస్తారు.

మరి సైట్‌లో ఏం చేయాలి..? నీళ్లు పోయకుండా మళ్లీ బాగా కలపాలి. మాలు మెత్తబడితే అది ఫాల్స్ సెట్టే, వాడుకోవచ్చు. మెత్తబడకుండా వేడెక్కుతుంటే ఫ్లాష్ సెట్ అని అనుమానించాలి. అల్యూమినేట్‌కు తగినంత జిప్సం అందనప్పుడు ఇలా అవుతుంది. ఆ మాలు పక్కన పడేయడమే మంచిది. అదనంగా పోసిన నీళ్లు ఆరాక సన్నటి రంధ్రాలు మిగులుతాయి, బలం తగ్గుతుంది.

కిల్న్ నుంచి వచ్చిన క్లింకర్‌ను ఎంత వేగంగా చల్లార్చారన్నదీ ముఖ్యమే. బాగా నెమ్మదిగా చల్లారితే ఎలైట్‌లో కొంత విడిపోతుంది. బెలైట్ గామా రూపంలోకి మారి పొడిగా రాలిపోవచ్చు. ఆ రూపం నీటితో దాదాపుగా కలవదు. అందుకే ఫ్యాక్టరీల్లో చల్లగాలి ఊది త్వరగా చల్లారుస్తారు.

ఐఎస్ 269 ప్రకారం సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంట్ 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలుకాకూడదు, 600 నిమిషాల్లోగా పూర్తవ్వాలి. బస్తా మీద తయారీ వారం, సంవత్సరం ఉంటాయి. అనుమానం వస్తే అవి నోట్ చేసుకుని, ఆ బ్యాచ్ టెస్ట్ సర్టిఫికెట్ కావాలని డీలర్‌ను అడగొచ్చు.