పగ లేని హత్య, కులం లేని తగాదా

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట చాయ్ తాగుతుంటే గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, హత్యకు 300 పోయి 101 వచ్చింది, 302 పోయి 103 వచ్చింది. నంబర్లు తప్ప ఏం మారింది?" చాయ్ అయిపోయింది, జవాబు అయిపోలేదు. అందుకే ఈ పోస్టు.

ఇంగ్లండ్ చట్టంలో హత్య అనాలంటే 'మాలిస్' ఉండాలి. 1860 నాటి మన శిక్షాస్మృతి హత్య నిర్వచనంలో ఆ మాట లేదు. చంపాలనే ఉద్దేశం ఉందా? ప్రాణం తీసేంత గాయం చేయాలనుకున్నాడా? చావు ఖాయమని తెలిసే చేశాడా? అడిగేది ఇవే. పగ సాక్ష్యానికి బలమే కానీ హత్యకు షరతు కాదు.

మిర్యాలగూడ, 2018 సెప్టెంబర్ 14. ప్రణయ్ మీద కత్తి ఎత్తింది బీహార్ నుంచి వచ్చిన కిరాయి మనిషి. అతనికి ప్రణయ్ మీద పగ లేదు. పగ, కులపగ, సుపారీ ఇచ్చాడని పోలీసులు చెప్పిన మామది. ఆయన 2020లోనే చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఆ కిరాయి మనిషికి ఉరిశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవం వేసింది. పగ లేకపోయినా హత్య హత్యే.

కానీ మన దగ్గరికి వచ్చేసరికి చట్టం ఇంకో రుజువు అడిగింది. 1989 అట్రాసిటీ చట్టం 3(2)(v) ప్రకారం, దళితుడన్న 'కారణంగా' నేరం చేశారని చూపాలి. "ఇది పాత తగాదా, కులం కాదు" అనడానికి ఆ ఒక్క మాట చాలింది. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురిని చంపారు, మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు, మొదలైంది సినిమాహాల్లో. ఊళ్లో కులం లేని తగాదా ఎక్కడుంది?

పోరాడితే ఆ మాట మారింది. 2016 జనవరి 26 నుంచి బాధితుడు ఎస్సీ అని 'తెలిసి' చేస్తే చాలు.

ఇప్పుడు తమ్ముడికి జవాబు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న 103(2): ఐదుగురు, అంతకు మించి కలిసి కులం కారణంగా చంపితే ఉరి లేదా యావజ్జీవం. మంచిదే. కానీ 'కారణంగా' మళ్లీ వచ్చింది చూశారా? అట్రాసిటీ చట్టంలో మనం తీయించిన మాటే అది.

కాబట్టి స్టేషన్‌కు వెళ్లినప్పుడు 103(2) ఒక్కటి చాలనుకోకండి, 3(2)(v) కూడా రాయించండి. నిందితుడికి బాధితుడి కులం ఎలా తెలుసో మొదటి ఫిర్యాదులోనే రాయించండి. నంబర్లు పరీక్షకు, మాటలు మన ప్రాణానికి.

జై భీమ్.