యుద్ధమునకు వెళ్లి తిరిగిరాని మనవారు

ఈ శతవార్షికోత్సవ సంచికలో మిషనరీలను గూర్చియు, తొలి దేశీయ గురువులను గూర్చియు, బడులను ఆసుపత్రులను గూర్చియు చాలమంది వ్రాయుదురు. మేము వేరొకరిని గూర్చి వ్రాయదలచితిమి. వీరు ఏ సంఘమును స్థాపించినవారు కారు. 1914 మొదలు 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధమునకు ఓడలెక్కి వెళ్లిన సిపాయిలు, వారి వెంట వెళ్లిన కూలీలు, వంటవారు, కంచరగాడిదలను తోలినవారు.

ఆ యుద్ధమునకై మన దేశమునుండి పది లక్షలకు పైగా సముద్రము దాటిరి. సుమారు 74 వేలమంది మరణించిరి. ఇందులో పంజాబు వాటా ఎక్కువ, మద్రాసు రాజధాని వాటా తక్కువ. అది ధైర్యము లేకపోవుటవలన కాదు. 19వ శతాబ్ది చివర ఆంగ్ల సేనాధిపతులు కొన్ని కులములే యుద్ధజాతులని తేల్చి తెలుగువారిని సైన్యములో చేర్చుకొనుట బాగుగా తగ్గించివేసిరి. యుద్ధము ముదిరి మనుష్యులు చాలనప్పుడు ఆ సిద్ధాంతమును ప్రక్కనబెట్టి మరల దక్షిణాది పల్లెలకు వచ్చిరి. తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరమునకు 'మిలటరీ మాధవరము' అను పేరు నిలిచినది ఇట్టి సైనికుల వలననే. యుద్ధారంభమున సిపాయి జీతము నెలకు 11 రూపాయలు. పాలేరుతనము తప్ప వేరు దారిలేని ఇంటికి అది చిన్న మాట కాదు. అందరును చక్రవర్తి మీది భక్తితోనే వెళ్లిరని అప్పటి ఉపన్యాసములలో చెప్పిరి గాని, ఆకలి కూడ గట్టిగానే పనిచేసినదని మా అభిప్రాయము.

భారత సైనికులలో అత్యధికులు వెళ్లినది మెసపొటేమియాకు, అనగా నేటి ఇరాకుకు. మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ దళము అక్కడ పనిచేసెను. 1915 జూలైలో మన సైన్యము పట్టుకొనిన నాసిరియా పట్టణమునకు సమీపముననే ఊరు శిథిలములు కలవు. అబ్రాహాము బయలుదేరినది ఆ కల్దీయుల ఊరునుండియేనని పలువురు పండితులు చెప్పుదురు. ఆదివార పాఠశాలలో పటముమీద వేలుపెట్టి చూపించెడి ఆ ప్రదేశములలోనే మనవారు ఎండకు, కలరాకు, తూటాలకు రాలిపోయిరి. కూట్ పట్టణములో దాదాపు అయిదు నెలలు ముట్టడిలో ఆకలితో నకనకలాడి, 1916 ఏప్రిల్ 29న లొంగిపోయిన సుమారు 13 వేలమందిలో అధికులు భారతీయులే. ఖైదులో చాలమంది చనిపోయిరి.

వీరి జ్ఞాపకార్థము 1929లో బస్రాలో ఒక స్మారకమును కట్టించిరి. సమాధి ఎక్కడనో తెలియనివారు 40 వేలకు పైగా అచ్చట స్మరింపబడుచున్నారు. బ్రిటిషు సైనికులందరి పేరులు రాతిపై చెక్కించిరి. భారతీయ అధికారుల పేరులును చెక్కించిరి. సామాన్య సిపాయిలకు మాత్రము రెజిమెంటు పేరు క్రింద ఒక అంకె! ఇందరు చనిపోయిరని. అట్లు అంకెలో కలిసిపోయినవారు సుమారు 33 వేలు.

సంఖ్యాకాండము మొదటి అధ్యాయములోను గోత్ర ప్రధానుల పేరులే యున్నవి, మిగిలినవారు లెక్కలో పోయిరి గదా అని ఎవరైన అడుగవచ్చును. అయితే అది బ్రదికియున్నవారి లెక్క, అదియు ఒక్కొక్కని పేరు చొప్పున చేసిన లెక్క. స్మారకశిల పని వేరు. కాపరి తన మందలోని ప్రతి గొఱ్ఱెను దాని పేరుతోనే ఎరుగునని ప్రకటించు మనము ఈ అంకెలను చూచి ఊరకుండలేము.

ఇంకను బాధాకరమైన సంగతి యేమనగా, ఈ స్మారకములను కట్టించిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ 1917లో స్థాపింపబడినప్పటినుండి హోదా, జాతి, మతము అను భేదము లేకుండ అందరిని సమానముగా స్మరింతుమని చెప్పుచు వచ్చినది. శిలలపై చెక్కవలసిన మాటలను ఎంచి ఇచ్చినవాడు కవి రడ్యార్డ్ కిప్లింగ్. తన ఏకైక కుమారుడు 1915లో ఫ్రాన్సులో చనిపోగా సమాధి యేదో తెలియక కుమిలిన తండ్రి ఆయన. మన తెలుగు బైబిలులో చేరని సీరా గ్రంథమునుండి ఆయన తీసిన వాక్యము, పేరులు నిరంతరము నిలుచుటను గూర్చినదే! ఫ్రాన్సులోని న్యూ షాపెల్‌లో 1927లో ఆవిష్కరించిన స్మారకముపై ఆ మాట నెరవేరినది. అక్కడ 4,700కు పైగా భారత సైనికుల, కూలీల పేరులున్నవి. ఐరోపాలో చనిపోయిన సిపాయికి పేరు దక్కినది, బస్రాలో చనిపోయిన అతని తోటివానికి దక్కలేదు.

2021 ఏప్రిల్‌లో ఆ కమిషనే దీనిని విచారించి నివేదికను ప్రకటించెను. 45 వేలనుండి 54 వేలమంది భారతీయులు, ఆఫ్రికనులు మున్నగువారు అసమానముగా స్మరింపబడిరనియు, కనీసము 1,16,000 మంది, బహుశః 3,50,000 మంది వరకు, పేరుతో గాని అసలే గాని స్మరింపబడలేదనియు అందులో ఒప్పుకొని క్షమాపణ కోరిరి. బ్రిటిషు ప్రభుత్వము పార్లమెంటులో క్షమాపణ చెప్పినది. నూరేండ్లు ఆలస్యమైనను మంచిదే. రెండవ ప్రపంచ యుద్ధము నాటికి కొంత మార్పు వచ్చినది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు పడినది ఆ యుద్ధములోనే. మనవారు రంగము అని పిలిచెడి రంగూనుకు సమీపమున తౌచాన్‌లో సుమారు 27 వేల పేరులు స్తంభములపై చెక్కబడియున్నవి. వారిలో అధికులు భారత సైనికులు.

మన సంఘములలో చేయదగిన పని ఒకటి కలదు. బాప్తిస్మపు రిజిష్టర్లు, సమాధి రిజిష్టర్లు పాతవి చెదలు తినకముందే తీసి చూడవలెను. గురువులు ఈ పనిని పెద్దలకు, యౌవనస్థులకు అప్పగింపవలెను. నవంబరు రెండవ ఆదివారమున స్మరణ ఆరాధన జరుగుచోట, ఆ ఊరివారి పేరులు చదువవలెను. తిరిగివచ్చి మన మధ్య చనిపోయినవారి పేరులను సైతము చదువవలెను. వారు చూచినదానిని ఇంటివారికి పూర్తిగా చెప్పలేదు, మనము అడుగలేదు.

ఇండ్లలో మరియొక సాక్ష్యము ఉండవచ్చును. ఆ యుద్ధమునకు వెళ్లిన సిపాయికి వెండి పతకము, కూలీలకు కంచు పతకము ఇచ్చిరి. వెండివి చాలవరకు కరవులో కంసాలి దగ్గర కరిగిపోయియుండును. చనిపోయినవాని ఇంటికి అరచేతికంటె పెద్దదియగు ఒక కంచు బిళ్లను పంపిరి. దానిమీద హోదా లేదు, పేరు మాత్రమే యున్నది. పతకమునకైతే అంచు చుట్టు నంబరు, పేరు, దళము సన్నని అక్షరములతో కొట్టియుందురు. అమ్మమ్మల పెట్టెలలో అట్టిది కనబడినచో తోమి మెరుగుపెట్టవద్దు, అక్షరములు అరిగిపోవును. వెలుతురులో అంచును త్రిప్పి చదివి, ఆ పేరును మీ గురువుగారికి వ్రాసి ఇయ్యుడి.