తొమ్మిదిన్నరకు రాముడొస్తాడు

ఆడవాళ్ల పనికి గడియారం లేదంటారు గానీ, ఉందండీ. ఒకటి కాదు, నాలుగైదున్నాయి. పాలవాడి సైకిలు బెల్లు ఒకటి, వీధి కొళాయికి నీళ్లొచ్చే వేళ ఒకటి, పిల్లల బడి ఒకటి, ఇంట్లో మగవాళ్ల ఆకలి ఒకటి. వీటిలో ఏదీ మనం పెట్టుకున్నది కాదు. వీటి మధ్యకు టీవీ వచ్చి చేరింది. దాని వేళలూ మనం పెట్టినవి కావు, ఎక్కడో ఢిల్లీలో కూర్చున్నవాళ్లు పెట్టారు. అయినా దాని తరహా వేరు. ఎలా వేరో చెప్పాలంటే మా తనకల్లు సంగతి చెప్పాలి.

కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో ఉంది మా ఊరు. అప్పట్లో అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా మారింది గానీ వాన దారి మారలేదు. శనక్కాయ పండితే ఆ ఏడు పండగ, లేకపోతే బెంగళూరు బస్సు.

మన దేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో పుట్టింది. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ గారు తొలి తెలుగు వార్తలు చదివారు. ఎదురుగా చూసి చదువుకునే తెర ఏదీ లేని రోజులవి. ఆయన వార్తలన్నీ గుర్తు పెట్టుకుని, మన మొహంలోకి చూస్తూ చెప్పేవారు. ఇదంతా హైదరాబాదు చుట్టుపక్కల వాళ్ల భాగ్యం. మాకు హైదరాబాదు రోడ్డున నాలుగు వందల కిలోమీటర్ల పైమాట.

1982 ఆగస్టు 15న దేశమంతటికీ ఒకే కార్యక్రమం, అదీ రంగుల్లో, మొదలైంది. 1984లో చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లు టౌన్లలో వరసగా వెలిశాయి. అవి ఉపగ్రహం నుంచి ఢిల్లీ బొమ్మను పట్టి ఇచ్చేవే గానీ, మొదట్లో తెలుగు కార్యక్రమాలు వాటిలో వచ్చేవి కావు. అంటే మా ఊళ్లో టీవీకి హిందీ తప్ప తెలుగు రాదన్నమాట! ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రమని ఒకటి వేసేవాళ్లు. ఒక వారం బెంగాలీ, ఒక వారం అస్సామీ, ఒక వారం మలయాళం. తెలుగు వంతు ఎప్పుడొస్తుందా అని కళ్లు కాయలు కాసేవి. తీరా వచ్చిన రోజు కరెంటు పోయేది. బొమ్మ ఆగినప్పుడల్లా తెర మీద పడే 'రుకావట్ కే లియే ఖేద్ హై' అన్న ముక్కే మా వీధి ఆడవాళ్లం నేర్చుకున్న మొదటి హిందీ.

మా ఇంటికి 1987లో టీవీ వచ్చింది. తలుపులు మూసుకునే చెక్కపెట్టె, నలుపు తెలుపు బొమ్మ. ఆ ఏడే జనవరి 25న రామానంద్ సాగర్ గారి రామాయణం మొదలైంది. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు. ఆ కథకు హిందీ రానక్కర్లేదు కదా! మా అత్త శనివారం రాత్రే హుకుం జారీ చేసేది. "రేపు సంగటి ఎనిమిదికే కెలికెయ్ మ్మే. తొమ్మిదిన్నరకు రాముడొస్తాడు."

నలభై ఏళ్ల కాపురంలో మా మామ ఆకలి కోసం తప్ప సంగటి వేళ మారని ఇల్లది. రాముడి కోసం మారింది. మామ కూడా నోరెత్తలేదు. దేవుడి మీద అలగలేడు కదా పాపం.

ఆ ముప్పావు గంటా మా అత్త కూర్చునేది. ఒట్టినే కూర్చోవడం కాదు, ఒళ్లో చేట పెట్టుకుని విత్తనం కోసం శనక్కాయలు ఒలుస్తూ. అయినా కూర్చోవడమే. "నీళ్లు తేమ్మే" అని ఎవరైనా అంటే "అయిపోనీ" అనేది. ఆ మాట ఆమె నోట అంతకు ముందు నేను వినలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా నట్టింట్లో అందరూ చాప మీద కూర్చోలేదు. కొందరు వసారాలో, కొందరు గడప అవతల. కూలికి వచ్చే ఆడవాళ్లు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి చూసేవాళ్లు. అందరికీ రాముడొక్కడే, వేళా ఒక్కటే, చూసే చోటు మాత్రం ఒక్కటి కాదు. రాముడు వనవాసానికి పోతుంటే చువ్వలకు ఇవతలా అవతలా ఒకే ఏడుపు. రామాయణం 1988 జూలై 31న ముగిసింది. అక్టోబరు 2న మహాభారతం మొదలై 1990 జూన్ దాకా సాగింది.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. కేబుల్ తీగ మెల్లగా మా వీధికీ పాకింది. టీవీకి తెలుగొచ్చింది! దూరదర్శన్ కూడా మంజులానాయుడు గారి ఋతురాగాలు వేసింది. వారానికోసారి వచ్చే కథ రోజూ రావడం మొదలైంది. ఇక చూసుకోండి, అంట్లు తోమే వేళ, కొళాయి వేళ, కూర తరిగే వేళ అన్నీ సీరియల్ చుట్టూ సర్దుకున్నాయి. ఏ ఛానలు వాడో ఒక సీరియల్‌ని అరగంట వెనక్కి జరిపితే మా వీధిలో పొయ్యిలు కూడా అరగంట వెనక్కి జరిగేవి. సీరియళ్లతో ఆడవాళ్లు చెడిపోతున్నారని అందరూ వాపోయారు. టీ అంగడి బెంచీ మీద మగవాళ్ల గంటలు మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు లెండి.

ఇది మన ఊళ్ల ముచ్చటే కాదు. ఆస్ట్రేలియాలో టీవీ 1956లో మొదలైనా, పల్లె ప్రాంతాలకు చాలాకాలం ఒక ప్రభుత్వ ఛానలు, ఒక ప్రైవేటు ఛానలే దిక్కు. 1989 నుంచి గానీ అక్కడ ప్రైవేటు ఛానళ్లు పెరగలేదు. ఆ ప్రభుత్వ ఛానల్లో 1967 నుంచి పదేళ్లు బెల్‌బర్డ్ అని ఒక పల్లెటూరి సీరియల్, ఏడు గంటల వార్తలకు ముందు పావుగంట వచ్చేది. ఇంటాయన వార్తలకు కూర్చునేలోపు ఆ పావుగంట ఎవరిదై ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు వేళల గొడవ లేదు. ఫోనుంది, ఏ సీరియల్ అయినా ఎప్పుడైనా చూడొచ్చు. మా కోడలు ఉద్యోగం చేసి వచ్చి, వంట చేసి, పిల్లల హోంవర్కు చూసి, అందరూ పడుకున్నాక పదకొండింటికి ఫోను తెరుస్తుంది. పది నిమిషాల్లో ఫోను గుండెల మీదే ఉంటుంది, తను నిద్రలో ఉంటుంది. "ఎప్పుడైనా చూడొచ్చు కదత్తా" అంటుంది. ఎప్పుడైనా అంటే పనులన్నీ అయ్యాకే అని మనకు తెలీదూ? పనులెప్పుడు అవుతాయి కనక!

2020 మార్చి 28న, ఊళ్లన్నీ తలుపులు వేసుకున్న రోజుల్లో, దూరదర్శన్ ఆ రామాయణాన్నే మళ్లీ వేసింది. ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. రాత్రి తొమ్మిదికి ముందే మా కోడలు వంటిల్లు కట్టేసి వచ్చి నా పక్కన కూర్చుంది. లోపల్నుంచి మావాడు ఏదో కావాలని పిలిచాడు.

"అయిపోనీ" అంది. అచ్చం మా అత్త గొంతే.

కార్యక్రమానికి వేళ ఉంటే, కూర్చోవడానికి ఆడదానికో సాకు ఉంటుంది. ఢిల్లీ వాళ్లు ఆ సంగతి తలచి పెట్టిన వేళలు కావవి, అయినా మనకు పనికొచ్చాయి. ఇక పెట్టేవాళ్లు లేరు కాబట్టి మనమే పెట్టుకోవాలి. సాయంత్రం ఏడో, రాత్రి ఎనిమిదో, మీ ఇష్టం. వంటింటి క్యాలెండరు మీద పాలలెక్క పక్కనే రాసిపెట్టండి. ఆ వేళకు ఎవరైనా పిలిస్తే ఏమనాలో తెలుసు కదా!